ఎడమ చేతి గడియారం

మా ఇల్లందులో బ్యాటరీ గడియారానికి విలువ లేదు. ఎంత తళతళలాడేదైనా సరే, బాయి మీద పనిచేసే మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సెల్లుదా అని అడిగి తిరిగిచ్చేసేవాడు. బాయి అంటే మాకు బొగ్గుగని. లోపల గ్యాసు ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు కొంప ముంచడానికి. అందుకని దిగే ముందు జేబులు తడిమి చూసేవాళ్ళు. బీడీలు, అగ్గిపెట్టె, వాటితోపాటు బ్యాటరీ గడియారం కూడా పైనే వదిలిపెట్టి దిగాలి. కీ ఇచ్చే గడియారమైతే తీసుకుపోవచ్చు గానీ, షిఫ్టులు మారే మనిషికి రోజూ వేళకు కీ ఇవ్వడం ఎక్కడ గుర్తుంటుంది? అందుకే మా దగ్గర ఆటోమేటిక్‌కు అంత గిరాకీ. చేతికి పెట్టుకుని తిరిగితే చాలు. చెయ్యి ఆడుతున్నంతసేపూ లోపలి చక్రం కదిలి దానంతట అదే కీ ఎక్కుతుంది. విప్పి పక్కన పెడితే ఒక రోజో, మహా అయితే ఇంకో పూటో నడిచి ఆగిపోతుంది.

మా నాన్నది అలాంటి గడియారమే. నేను పుట్టకముందు కొత్తగూడెంలో ఒక లారీ డ్రైవర్ దగ్గర తీసుకున్నాడట. మద్రాసు రేవులో దిగిన విదేశీ సరుకని ఆ డ్రైవర్ చెప్పాడట, నిజమో కాదో ఆయనకే తెలియాలి. ఆకుపచ్చ ముఖం, తోలు పట్టీ, చీకట్లో మెరిసే ముళ్ళు. కీ ఇచ్చుకునే ఏర్పాటే లేదు దానికి. పక్కనున్న బొడిపె తిప్పితే ముళ్ళు జరుగుతాయి, అంతే. నాన్న ఫిల్లర్, అంటే పేల్చిన బొగ్గును పారతో ఎత్తి టబ్బుల్లో నింపే మనిషి. అలాంటి చేతి మీదున్న గడియారానికి కీ తక్కువవుతుందా? గుడ్డపీలిక చుట్టి దుమ్ము పడకుండా కాపాడుకునేవాడు. లోపల పొద్దు తెలియదు కాబట్టి టైమెంతయిందని అందరూ నాన్ననే అడిగేవాళ్ళట. ఇంటికొచ్చి ఆ సంగతి మాకు మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. ఆ గడియారం దగ్గర మా నాన్నకు కొంచెం టెక్కుండేది, లేదనడమెందుకు.

రెండు వేల నాలుగు ప్రాంతంలో అనుకుంటా, ఒక పొద్దున కంపెనీ ఇచ్చిన క్వార్టర్ ముందు నల్లా దగ్గర ముఖం కడుక్కుంటూ నాన్న పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. ఎడమ పక్కంతా పడిపోయింది. దవాఖానాలో చాలా రోజులే ఉంచారు. మెల్లగా మూతి సరైంది, మాట తేటపడింది, కాలు కూడదీసుకుంది. ఎడమ చెయ్యి మాత్రం ఎవరి మాటా వినలేదు. భుజం నుంచి వేలాడుతూ ఉండేది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే వేళ్ళ మధ్య నుంచి జారిపోయేది.

మా కంపెనీలో అప్పుడు ఒక పద్ధతుండేది. మనిషి జబ్బు పడితే మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. బోర్డు అన్‌ఫిట్ అంటే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. ఫిట్ అంటే మనిషి మళ్ళీ పనికి పోవాలి. మా తమ్ముడు ఇంటర్ అయిపోయి, ఏ పనీ కుదరక, బస్టాండు చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఇక చూస్కోండి. అరటిపండ్లు పట్టుకుని పరామర్శకొచ్చిన ప్రతివాళ్ళూ నాన్న మంచం పక్కన కూర్చుని, పోయేటప్పుడు వాకిట్లో మా అమ్మతో, పోనీలే, పిల్లగాని బతుకు ఒడ్డున పడుతది అని చల్లగా చెప్పి పోయేవాళ్ళు. ఒకామె అయితే, బోర్డు ముందు చెయ్యి అస్సలు లేపొద్దని చెప్పు అని ఉపాయం కూడా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న చెయ్యి పడిపోవడం వీళ్ళకు లాటరీ తగిలినట్టుందా అని ఆమె ముఖం మీదే అడిగేశాను. ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు. మంచిదే అయింది.

తమ్ముడికి ఆ నౌకరి కావాలి. వాడు నోరు తెరిచి అనలేదు గానీ, ఆ వయసులో ఎవరికి ఉండదు ఆశ? ఒక రోజు అన్నం తింటున్నప్పుడు అమ్మ ఆ మాట మెల్లగా కదిపింది. నాన్న కుడి చెయ్యి కంచంలోంచి తీసి పక్కన పెట్టాడు.

"నేను దిగింది చాలు. నా కొడుకు బాయిల దిగొద్దు."

పైకప్పు కూలి తన పక్కనున్న మనిషి పోవడం నాన్న కళ్ళారా చూశాడు. ఆ సంగతి మాకు తెలుసు, మేము ఎప్పుడూ అడగలేదు. కాబట్టి లెక్క తేలిపోయింది. బోర్డు నాటికి చెయ్యి లేవాలి. లేస్తే రిటైరయ్యే దాకా నాన్నే నౌకరి చేసుకుంటాడు, తమ్ముడు పైనే ఉంటాడు. లేవకపోతే తమ్ముడు దిగుతాడు, ఆపడం ఎవరి తరమూ కాదు.

లెక్క సరే, చెయ్యి లేవాలంటే కసరత్తు చెయ్యాలి కదా. దవాఖానాలో చూపించారు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ మీద పాకుతూ చేతిని పైకి జరపాలి. రబ్బరు బంతి పిసకాలి. నాన్న బంతిని మూల పడేశాడు. నేనేమన్న బడిపిల్లగాన్నా డ్రిల్లు చెయ్య అని విసుక్కునేవాడు. ఇంత బొగ్గెత్తిన చేతిని గోడ మీద బల్లిలాగా పాకించమంటే సిగ్గనిపించిందేమో. మేము బతిమాలాం, కోప్పడ్డాం. గోడకైనా చెప్పుకోవచ్చు గానీ మా నాన్నకు చెప్పలేం.

ఇట్లా ఉండగా గడియారం ఆగిపోయింది. దవాఖానా నుంచి వచ్చిన రోజునే నాన్న దాన్ని అడిగి మరీ ఎడమ చేతికి పెట్టించుకున్నాడు. రాత్రి దాకా నడిచేది, తెల్లవారి చూస్తే ఆగి ఉండేది. అమ్మ తీసి రెండుసార్లు ఊపితే కదిలేది, మళ్ళీ ఆగేది. దుమ్ము పట్టిందనుకున్నాం. బస్టాండు దగ్గర డబ్బాలో గడియారాలు బాగుచేసే పెద్దమనిషికి ఇచ్చి వచ్చాను. ఆయన విప్పి, తుడిచి, నూనె వేసి, రెండు రోజులు తన చేతికే పెట్టుకుని చూసి బ్రహ్మాండంగా ఉందని ఇచ్చాడు. ఇంటికి తెచ్చి నాన్నకు పెట్టాం. ఒక రోజు నడిచి ఆగింది. మళ్ళీ తీసుకుపోయాను, మళ్ళీ అదే కథ. మూడోసారి పోయి ఆయన్ను నిలబెట్టి కడిగేశాను. లోపలి మంచి సామాను మార్చేసి ఉంటారని కూడా అన్నాను. అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. గొంతు బజారు చివర దాకా వినిపిస్తుంది. పాపం ఆయన అద్దం కంటికి పెట్టుకుని మళ్ళీ విప్పాడు, ఏమీ దొరక్క మళ్ళీ బిగించాడు.

ఆ కోపంలో గడియారాన్ని నా చేతికే పెట్టుకుని బడికి పోయాను. ఆ రోజంతా నల్లబల్ల మీద రాస్తూ, పిల్లల చెవులు మెలేస్తూ తిరిగాను. సాయంత్రం ఇంటికొచ్చి, తెల్లవారి లేచి చూస్తే టిక్కు టిక్కుమని నడుస్తోంది. ఇంకో రోజు పెట్టుకున్నాను. నడుస్తూనే ఉంది. పరుగున పోయి నాన్నకు చూపించి, చూడు నాయినా, నేను అరిస్తే గానీ ఆయన సరిగ్గా చెయ్యలేదు అన్నాను. నాన్న నా మణికట్టు వైపు చూశాడు. తర్వాత ఒళ్ళో పడి ఉన్న తన ఎడమ చేతిని చూసుకున్నాడు.

"గడియారానికేం రోగం లేదు బిడ్డా. రోగమంత నా చేతిదే."

ఆటోమేటిక్ అంటే ఏమిటో మా ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. చెయ్యి ఆడితేనే అది నడుస్తుందని నాన్నే మాకు నేర్పాడు. అయినా ఆ చెయ్యి ఆడక గడియారం ఆగడమనేది మా ఇంట్లో ఎవరి ఊహకూ అందలేదు. గడియారం పాడవుతుంది గానీ నాన్న చెయ్యి పాడవడమేమిటి అన్నట్టు ఉన్నాం అందరం. నాకు ఏడుపొచ్చింది. లోపలికి పోయి ఏడ్చాను.

మర్నాడు పొద్దున లేచేసరికి నాన్న గోడ ముందు నిలబడి ఉన్నాడు. వేళ్ళు గోడకు ఆనించి, పళ్ళు బిగించి, చేతిని పైకి జరుపుతున్నాడు. ఎక్కడిదాకా పోయిందో అక్కడ కుడి చేత్తో బొగ్గుముక్కతో గీత గీశాడు. కుడి చేతికి పెట్టుకుంటే గడియారం నడుస్తుంది కదా అని తమ్ముడు అన్నాడు. నడిపితే ఎడమ చెయ్యే నడపాలన్నాడు నాన్న. డాక్టరు చెప్తే వినని మనిషి, గడియారం ఆగిందని విన్నాడు. మూలనున్న బంతి మళ్ళీ చేతికొచ్చింది. అన్నం తిన్నాక కూడా కూర్చుని చేతిని ఉయ్యాల ఊపినట్టు ముందుకూ వెనక్కూ ఊపుకునేవాడు.

కానీ ఆ ఊపు చాలేది కాదు. పొద్దున లేవగానే నాన్న చేసే మొదటి పని గడియారం చెవి దగ్గర పెట్టుకోవడం. ఆగి ఉండేది. ఆ ముఖం అప్పుడు చూడలేకపోయేవాళ్ళం. ఆ రోజిక గోడ దగ్గరికి పోయేవాడు కాదు. రెండు రోజులు చెయ్యడం, గడియారం ఆగిందని ఒక రోజు మానెయ్యడం. గోడ మీద బొగ్గుగీతలు మెడ ఎత్తు దాటి పోవడం లేదు. బోర్డు దగ్గర పడుతోంది.

అప్పుడు ఉన్నట్టుండి గడియారం ఆగడం మానేసింది. ఒక పొద్దున నాన్న దాన్ని ఈ చెవికోసారి, ఆ చెవికోసారి పెట్టుకుని విన్నాడు. తర్వాత నాకిచ్చి వినమన్నాడు. నడుస్తోంది. మర్నాడూ నడుస్తోంది. ఇంకేముంది, నాన్నకు ఎక్కడలేని హుషారొచ్చింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి గోడ దగ్గర నిలబడేవాడు. గీతలు గడ్డం దాకా వచ్చాయి, ముక్కు దాకా వచ్చాయి. క్వార్టర్ ముందు పోయే వాళ్ళను పిలిచి మరీ గడియారం వినిపించేవాడు. తమ్ముడు మాత్రం అది విని బయటికి పోయేవాడు.

నాకు అసలు సంగతి తెలిసింది బియ్యం వల్ల. మా పెద్దమ్మది ఏన్కూరు దగ్గర పల్లె. ఏటా బియ్యం బస్తా పంపేది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న గడియారం విప్పి దిండు పక్కన పెట్టి పడుకున్నాడు. అమ్మ వెనక వసారాలో కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. నిన్ననూ ఇదే పని, మొన్ననూ ఇదే పని. ఒక్క బస్తాను ఎన్ని రోజులు చెరుగుతుందీవిడ అని పోయి చూస్తే, డబ్బాలో పోసి ఉన్న బియ్యాన్నే, చెరిగి రాళ్ళేరి ముత్యాల్లా పెట్టుకున్న బియ్యాన్నే, మళ్ళీ చాటలో పోసుకుని ఎగరేస్తోంది. నూక లేదు, తవుడు లేదు. పిచ్చిగానీ పట్టిందా అని దగ్గరికి పోయాను. చీర కొంగు కప్పుకున్న ఎడమ చేతి మీద, గాజుల పైన, నాన్న గడియారం. పట్టీ చివరి తూటుకు పెట్టినా అమ్మ సన్నటి చేతికి వదులే. జారిపోకుండా మోచేతి దాకా ఎగదోసి, కింద గుడ్డపీలిక కట్టుకుంది.

నాకు ఒక్కసారిగా కోపం నషాళానికి అంటింది. నాన్న ఇన్నాళ్ళూ వినిపించి మురిసిపోతున్నది తన చేతి చప్పుడు కాదు, అమ్మ చాట చప్పుడు. రేపు బోర్డు ముందు ఈ గడియారాన్ని నమ్ముకుని నిలబడతాడు. అక్కడ చెయ్యి లేవకపోతే ఆ మనిషి ఏమైపోవాలి? ఇది మోసం కాదా అని అరిచాను. అమ్మ చాట ఆపలేదు.

"మోసమే. అయితే ఏంది? గడియారం ఆగిన్నాడు ఆయన చెయ్యి లేపుతలేడు. నడిచిన్నాడు లేపుతుండు. నాకు గదొక్కటే తెల్సు."

ఆ తర్వాత కూడా నేను చాలానే అన్నాను. అన్నీ న్యాయమైన మాటలే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. చివరికి అమ్మ చాట పక్కన పెట్టి, గడియారం విప్పి కొంగుతో తుడిచి, నాన్న దిండు దగ్గర పెట్టేసి వచ్చింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఈ సంగతి నాన్నకు చెప్పే ధైర్యం నాకు లేదు. అమ్మ మర్నాడు కూడా చాట పట్టుకుని వసారాలోకి పోయింది. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ రోజుల్లోనే నాన్న ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కనిపించాడు. గోరు కింద నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది. ఏమైందంటే తలుపు సందులో పడిందన్నాడు. మొద్దుబారిన చెయ్యి కదా, చూసుకోవద్దా అని నేను మందలించాను. నాన్న నవ్వి, నొస్తున్నదే బిడ్డా, మంచిగ తెలుస్తున్నది అన్నాడు. ఆ చేతిలో నొప్పి తెలియడం అదే మొదలు. దెబ్బ తగిలినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

బోర్డుకు కొత్తగూడెం పోయాం. నేనూ తోడు పోయాను. లోపల ఏం జరిగిందో నాన్న బస్సులో చెప్పాడు. చెయ్యి లేపమన్నారట. భుజం దాటి, చెవి దాకా లేపాడట. వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కమన్నారట, నొక్కాడు గానీ బలం చాల్లేదట. బొటనవేలికేమైందని అడిగారట, తలుపు సందులో పడిందని అక్కడా చెప్పాడట. కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. లోపలికి దిగే పనికి పనికిరాడు, పైన పని చెయ్యొచ్చు. నాన్నను లాంప్ రూమ్‌లో వేశారు. దిగే వాళ్ళకు టోపీకి పెట్టుకునే దీపాలు ఇచ్చి, ఎక్కి వచ్చాక తిరిగి తీసుకోవడం. అంటే తమ్ముడికి నౌకరి రాలేదు.

తమ్ముడు చాలా రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఊళ్ళో జనం మా నాన్నను చేతకానివాడన్నారు, కొడుకు నోటి కాడి కూడు లాగేసుకున్నాడన్నారు. నాన్న అవన్నీ విని ఊరుకున్నాడు. పాల్వంచ పోయి డ్రైవింగ్ నేర్చుకుంటానని తమ్ముడు బయల్దేరిన రోజు మాత్రం బస్టాండు దాకా వాడి వెంట పోయాడు. ఇప్పుడు వాడు భద్రాచలం రోడ్డు మీద సొంత జీపు నడుపుతున్నాడు. నడుము నొప్పంటాడు, అడవి దారుల్లో టైర్లు పోతున్నాయంటాడు, పగటిపూట పొద్దు చూస్తూ బతుకుతున్నాడు. నాన్నను వాడు క్షమించాడా అని నేనడగలేదు. తన కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని తాత సంగతులు చెప్పడం మాత్రం విన్నాను.

నాకు పెళ్ళై చండ్రుగొండ పోయాను. నాన్న రిటైరయ్యాక వాళ్ళు క్వార్టర్ ఖాళీ చేసి, ఊళ్ళో కట్టుకున్న రెండు గదుల ఇంటికి మారారు. ఎప్పుడు పోయినా గడియారం నాన్న ఎడమ చేతికి నడుస్తూ కనిపించేది. అప్పటికి చెయ్యి బాగానే ఆడుతోంది, తనకు తానే నడుస్తోందిలే అనుకునేదాన్ని. రెండేళ్ళు కూడా విశ్రాంతి తీసుకోకుండానే నాన్న పోయాడు. రెండోసారి వచ్చిన జబ్బు ఒక్క పూట కూడా టైమివ్వలేదు.

పదో రోజు ఆడవాళ్ళు అమ్మ చేతి గాజులు తీయించారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, దొడ్లోకి పోయాను. తిరిగొచ్చి చూస్తే గాజుల్లేని ఎడమ చేతికి అమ్మ నాన్న గడియారం పెట్టుకుని కూర్చుని ఉంది. ఇదేం చోద్యమన్నట్టు కొందరు చూశారు. అప్పుడు గమనించాను, గడియారం అమ్మ మణికట్టుకు సరిగ్గా కూర్చుంది, వదులు లేదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పట్టీకి ఇంకో తూటు పొడిపించుకుని ఉంటుందనుకున్నాను. ఆ రోజుల్లో అట్లాంటివి అడిగే స్థితిలో ఎవరమున్నాం.

ఆ మరుసటేడు నేను సెలవులకు వచ్చి ఉన్నప్పుడు, ఒక శనివారం హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. పాత ఆటోమేటిక్ గడియారాలు పోగుచేయడం సరదా అట. బొగ్గుబాయి ఊళ్ళలో మంచివి దొరుకుతాయని విని కొత్తగూడెం, మణుగూరు తిరిగి ఇల్లందు వచ్చాడు. గడియారాలు బాగుచేసే ఆ డబ్బా పెద్దమనిషి మా ఇల్లు చూపించాడట. నేనప్పుడు అన్ని మాటలన్నా ఆయన మా గడియారాన్ని మరిచిపోలేదన్నమాట.

అబ్బాయి మంచివాడే. చెప్పులు బయట విడిచి, అమ్మకు నమస్కారం పెట్టి, చాప మీద కూర్చున్నాడు. అమ్మ గడియారం విప్పి చేతికిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. ముఖానికి మళ్ళీ రంగు వెయ్యలేదట, ముళ్ళు మార్చలేదట, గీతలన్నీ పాతవేనట, ఇట్లాంటిది దొరకడం కష్టమట. చెప్తుంటే అతని కళ్ళు మెరుస్తున్నాయి. ఎంతయినా ఇస్తానన్నాడు. అమ్మ ఎంత అని అడగలేదు. తీసుకుపోయి ఏం జేస్తవు బిడ్డా, చేతికి పెట్టుకుంటవా అని అడిగింది. పెట్టుకోడట. అతని దగ్గర ఇట్లాంటివి చాలా ఉన్నాయి కాబట్టి అన్నీ ఒక చేతికి పెట్టుకోవడం కుదరదు. అందుకని ఒక పెట్టె కొన్నాడట. ఫోన్లో బొమ్మ చూపించాడు. నల్లటి పెట్టె, అద్దం తలుపు, లోపల మెత్తటి దిండ్ల మీద గడియారాలు. కరెంటు పెడితే ఆ దిండ్లు రోజంతా మెల్లగా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, గడియారాలు ఆగవు.

నాకు నవ్వాగలేదు. అబ్బాయి తెల్లబోయి చూశాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఫోను దగ్గరగా పెట్టుకుని ఆ పెట్టెను శ్రద్ధగా చూసింది.

"కరెంటు పోతే ఏం జేస్తది నీ పెట్టె?"

ఆ అబ్బాయి, వచ్చాక మళ్ళీ తిరుగుతుందమ్మా అన్నాడు. మా ఊళ్ళో కరెంటు సంగతి అతనికేం తెలుసు. తర్వాత గడియారాన్ని వెనక్కి తిప్పి పట్టీ చూశాడు. ఇది మాత్రం పనికిరాదమ్మా, తీసేసి కొత్త తోలుది వేస్తాను, ఎవరో మేకుతో పక్కకు పోయేట్టు పొడిచి పాడు చేశారు చూడండి అని నాకు చూపించాడు. నిజమే. వరసగా ఉన్న తూట్లు దాటి లోపలి వైపు ఇంకో తూటు, మధ్యలో కాకుండా అంచుకు జరిగి ఉంది. చెప్పులు కుట్టే ఆయనైతే అట్లా వంకరగా పొడవడు. అమ్మ చెయ్యి చాచి గడియారం తీసుకుంది.

"గది మా ఇంటాయన పొడిచిండు బిడ్డా, నా చేతికి."

నాకు అర్థం కాలేదు. ఎప్పుడు పొడిచిండమ్మా అని అడిగాను.

"నువ్వు నా మీద కొట్లాడినవ్ చూడు, గా మరునాడు. నువ్వు గంత గొంతు పెడితే పండుకున్న మనిషి లేవడా?"

మరి ఏమీ అనలేదా అన్నాను.

"ఏమంటడు. నేను చాట తీస్కొని పోతుంటే గడియారం నా చేతిల పెట్టిండు. చూస్తే ఇంకో తూటున్నది. పెట్టుకుంటే సరిపోయింది."

అంటే నాన్నకు తెలుసు. తెలిసే పొద్దున్నే చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందని మాకు వినిపించాడు. తెలిసే గోడ దగ్గర నిలబడ్డాడు. తూటు పొడవాలంటే పట్టీని ఎడమ చేత్తో అదిమి పట్టుకోవాలి, కుడి చేత్తో మేకు మీద కొట్టాలి. గ్లాసు నిలవని చెయ్యి, పట్టీని ఎంతసేపు పట్టుకుందో. నల్లబడిన ఆ బొటనవేలు గుర్తొచ్చింది. తలుపు సందులో పడిందని నేను నమ్మాను, బోర్డు నమ్మింది. అమ్మ ఒక్కతే నమ్మలేదు, అడగనూ లేదు.

అబ్బాయి చాయ్ తాగి, అమ్మకు మళ్ళీ నమస్కారం పెట్టి లేచాడు. మళ్ళీ అడగలేదు. మర్యాద తెలిసిన పిల్లవాడు. నేను గేటు దాకా పోయి బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి వచ్చాను. వచ్చేసరికి అమ్మ గడియారాన్ని ఆ వంకర తూటుకు బిగించుకుని, వసారాలో చాట ముందు పెట్టుకుని కూర్చుంది. పోయి పక్కన కూర్చున్నాను. అమ్మ బియ్యం చెరుగుతోంది. అవి చెరిగిన బియ్యమే.